ముందుగా మాట్లాడుకున్న అరెస్టు

నన్ను పోలీసులు పట్టుకుపోవాలని నేను పడిన పాట్లు వింటే మీకు నవ్వొస్తుంది. నవ్వండి, ఫరవాలేదు. మా ఇంట్లో మాత్రం ఆ ఊసెత్తితే ఇప్పటికీ ఎవరూ నవ్వరు. ఎవరూ అంటే మా ఆవిడ. ఆవిడ నవ్వని చోట నేను నవ్వే అలవాటు పెళ్ళయిన మొదటి వారంలోనే పోయింది.

పాతికేళ్ళ కిందట మాకో రాక్ బ్యాండు ఉండేది. పేరు ‘లావా’. పెళ్ళి మాటలప్పుడు మా అత్తగారు, “అబ్బాయి ఏం చేస్తాడే?” అని అడిగింది.

“రాక్ అమ్మా,” అంది మా ఆవిడ.

“ఏం రాక?”

ఇన్నేళ్ళయినా ఆ ప్రశ్నకు సరైన జవాబు మా ఇద్దరికీ దొరకలేదు.

లావాలో నలుగురం. నాది గిటారు. పాడేవాణ్ణి అందరూ సింహం అనేవారు, జూలు అలా ఉండేది. ఇప్పుడు సగం జూలు రాలిపోయింది, మిగిలిన సగానికి నెలకోసారి నల్లరంగు పూస్తాడు. డ్రమ్ములు వాయించే పిడుగు ఇప్పుడు జీవిత బీమా అమ్ముతున్నాడు. పిడుగుపాటుకి కూడా వాడి దగ్గర పాలసీ ఉంది. నాలుగోవాడు అప్పుడూ మాట్లాడేవాడు కాదు, ఇప్పుడూ మాట్లాడడు. అందుకే గ్రంథాలయంలో ఉద్యోగమిచ్చారు. నేను వాద్యాల దుకాణంలో కూర్చుని ఇతరుల గిటార్లకు తీగలు మారుస్తుంటాను.

మేం పాడినవన్నీ ఏలినవారి మీద పాటలే. అందులో ‘ఇంకెన్నాళ్ళు కూర్చుంటారు?’ అన్నది ఒక్కటే జనంలోకి పోయింది. ఆ పాట నేను సోఫాలో పడుకుని రాశానని మా ఆవిడ ఎవరికీ చెప్పదు. ఆవిడ చెప్పనిది ఇంకొకటి కూడా ఉంది. నా నుదుటి మీది ఈ మచ్చ పోలీసు లాఠీ దెబ్బని ఊరంతా అనుకుంటుంది. నిజానికి అది స్పీకరు పెట్టె మీద పడిన దెబ్బ. ఆసుపత్రిలో కుట్లు వేసిన నర్సు మా ఆవిడే. మా పరిచయం అలా మొదలైంది. మా పెళ్ళి నేను చెప్పిన అబద్ధం మీద నిలబడలేదు, ఆవిడ చెప్పని నిజం మీద నిలబడింది.

ఆవిడ ఇప్పుడు అదే ఆసుపత్రిలో ప్రసూతి వార్డుకి పెద్ద నర్సు. కాదు, అప్పుడు పెద్ద నర్సు. ఇప్పటి సంగతి తర్వాత చెబుతాను.

ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళకున్న తెల్ల బూట్లయినా విప్పకుండా, భోజనాల బల్ల మీద కాగితాల కట్ట పడేసింది.

“వార్డు మూసేస్తున్నారు.”

“ఏ వార్డు?”

“మాదే. ఆ చోట కార్లు నిలుపుకోడానికి స్థలం కడతారట. నగరసభలో తీర్మానం అయిపోయింది. ఇక్కడి ఆడవాళ్ళు కాన్పుకి వంతెన అవతలి ఆసుపత్రికి పోవాలట. ఆ వంతెన మీద పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి దిగుతాం. బిడ్డ అంతసేపు ఆగుతుందా?”

“ఘోరం!” అన్నాను, సోఫాలోంచే.

“ఘోరమే కదా? అయితే రేపట్నించి ఈ నాలుగు వీధులూ మీరు తిరగండి. తలుపు కొట్టండి, విషయం చెప్పండి, సంతకం పెట్టించండి.”

“నేనా?”

“పక్కింటాయన్ని అడగలేదు.”

“నేను కళాకారుణ్ణి. తలుపులు కొట్టడం నా పని కాదు, బద్దలు కొట్టడం నా పని.”

“మొన్న స్నానాల గది తలుపు బిగుసుకుపోతే వడ్రంగి కోసం లోపల్నించి కేకలు పెట్టారు.”

“అది వేరు. పాటతో ఈ ఊరిని కదిలిస్తాను చూడు.”

“ముందు సోఫాలోంచి కదలండి,” అని కాగితాలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నాకు రోషం వచ్చింది. మర్నాడే సింహాన్ని కలిశాను. ఆసుపత్రి గేటు ముందు లావా మళ్ళీ పాడాలన్నాను. వాడి కళ్ళు మెరిశాయి, కానీ వెంటనే ఆరిపోయాయి.

“ఉత్తినే పాడితే ఎవడు రాస్తాడ్రా పేపర్లో? ముసలాళ్ళు పాడుకున్నారంటారు. అరెస్టయితే రాస్తారు.”

“అరెస్టా? నాకు బీపీ ఉందిరా.”

“అందుకే ముందుగా మాట్లాడుకోవాలి. నీ శిష్యుడొకడు పోలీసు కదా?”

శిష్యుడంటే మూడు నెలలు నా దగ్గర గిటారు నేర్చుకుని రెండో పాఠం దగ్గర ఆగిపోయిన మనిషి. ఇప్పుడు మా పేట స్టేషనులో ఇన్‌స్పెక్టరు. దుకాణానికి పిలిచి టీ ఇప్పించాను. విషయం విని ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

“మూడో పాట అయ్యాక వచ్చి తీసుకుపోతాను గురువుగారూ. స్టేషన్లో కుర్చీ వేయిస్తాను. గంటలో వదిలేస్తాను. చాలా?”

“సంకెళ్ళు?”

“అవి దొంగలకండీ. పైవాళ్ళకి నేను జవాబు చెప్పుకోవాలి.”

“పోనీ వ్యాను ఎక్కించేటప్పుడు ఒక్క తోపు తోయవయ్యా. ఫోటోలో బావుంటుంది.”

“మెల్లగా తోస్తాను.”

“ఎడం పక్క నుంచి తోయి. కుడి భుజం నొప్పి.”

అన్నీ రాసుకున్నాడు పాపం. “మా ఆవిడకి మాత్రం తెలియకూడదు,” అన్నాను. “నేను చెప్పనండీ,” అన్నాడు. నిజంగానే ఆయన చెప్పలేదు.

ఆ వారమంతా మా ఆవిడ నాతో చాలా మంచిగా ఉంది. అక్కడే నాకు అనుమానం రావాల్సింది.

“పాటలు ఎప్పుడు?” అంది.

“ఆదివారం నాలుగింటికి.”

“ఏ చొక్కా వేసుకుంటారు?”

“నల్లది.”

“బీపీ మాత్రలు ఎన్ని మిగిలాయి?”

ఆహా, మొగుడు మళ్ళీ వేదిక ఎక్కుతుంటే ఈవిడలో పాత ప్రేమ లేచింది కాబోలు అనుకున్నాను. “నాకు అరెస్టు, నీకు రెస్టు,” అని చమత్కరించబోయి, నాలుక కరుచుకున్నాను.

ఆదివారం నాలుగింటికి గేటు ముందు మూడు వందల మంది దాకా చేరారు. రోగుల్ని చూడవచ్చినవాళ్ళు, బస్సు కోసం నిలబడ్డవాళ్ళు, నిజంగా మా కోసం వచ్చిన ఓ పదిమంది. పత్రిక ఫోటోగ్రాఫరు చెట్టుకి ఆనుకుని నిలబడ్డాడు. సింహం రెండు స్పీకరు పెట్టెల్ని ఆసుపత్రి వైపు తిప్పాడు. “అధికారం చెవులు బద్దలవ్వాలి,” అన్నాడు. ఆ గోడ వెనక అధికారం లేదు. ప్రసూతి వార్డు ఉంది. ఆ సంగతి నలుగురిలో ఒక్కడికీ తట్టలేదు.

మొదటి పాటకి వార్డు కిటికీలు ఒక్కొక్కటే మూసుకున్నాయి. రెండో పాట మొదలెట్టగానే లోపల ఒక పసిబిడ్డ కెవ్వుమంది. ఆ వెంటనే ఇంకొకటి. చరణంలోకి వచ్చేసరికి వార్డులో ఉన్న పసివాళ్ళందరూ అందుకున్నారు. సింహం గొంతు పెంచాడు. వాళ్ళూ పెంచారు. ఎవరి గొంతు నెగ్గిందో చెప్పక్కర్లేదు.

అప్పుడు మా ఆవిడ బయటికి వచ్చింది. యూనిఫాంలో, తెల్ల బూట్లలో, పరుగూ లేదు కోపమూ లేదు. నేరుగా గేటు పక్క గదికి వెళ్ళి మా ప్లగ్గు పీకేసింది.

నా గిటారు తీగల చప్పుడు దోమ రొదలాగా మిగిలింది. ఇది కూడా కార్యక్రమంలో భాగమనుకుని జనం చప్పట్లు కొట్టారు.

“లోపల ఒకమ్మాయి నొప్పులు పడుతోంది,” అంది మా ఆవిడ, చేతిలో ప్లగ్గుతో. “డాక్టరు చెప్పేది ఆ పిల్లకి వినపడటం లేదు. మీ విప్లవం కాస్త మెల్లగా చేసుకోండి.”

సింహం, “వదినా, ఇంకో పాటే,” అని గొణిగాడు. ఆవిడ వాడి వైపు చూడలేదు. జనం వైపు తిరిగింది. మైకు లేదు, కరెంటు లేదు. వార్డు ఈ చివర్నించి ఆ చివరికి పిలిచి అలవాటైన గొంతు.

“ఆ ఏడుపులు వినపడుతున్నాయా? వచ్చే నెల నుంచి వినపడవు. ఇక్కడ కార్లు నిలబెడతారు. మీలో ఇక్కడ పుట్టినవాళ్ళు ఎంతమంది?”

ముందు నాలుగు చేతులు లేచాయి. తర్వాత నలభై. తర్వాత నేను లెక్కపెట్టలేకపోయాను.

“అయితే సంతకం పెట్టండి.”

అప్పుడు చూశాను. జనం మధ్యలో అక్కడక్కడా నర్సులు నిలబడి ఉన్నారు, చేతుల్లో కాగితాలు, కలాలు. వాళ్ళు ఎప్పుడొచ్చారో నాకు తెలియదు. జనం ఒకరి వీపు మీద ఒకరు కాగితం పెట్టుకుని సంతకాలు చేస్తున్నారు. మా మూడో పాట సంగతి ఎవరూ అడగలేదు.

అంతలో పోలీసు వ్యాను వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. జుట్టు సవరించుకుని, ఎడం భుజం ముందుకు పెట్టి నిలబడ్డాను.

వ్యానులోంచి దిగింది నా శిష్యుడు కాదు. పొడవాటి మనిషి, నేనెప్పుడూ చూడని ఇన్‌స్పెక్టరు. వెనకే లాఠీలతో ఎనిమిది మంది. దిగీ దిగగానే అందులో ఒకడు మా స్పీకరు పెట్టెని కాలితో పడదోశాడు. అది ఒప్పందంలో లేదు.

“అనుమతి లేకుండా ఇంతమందిని పోగేసిందెవరు? నాయకుడెవరు?”

సింహం చటుక్కున చెప్పాడు: “నేను పాడతానంతేనండీ. రాసింది ఆయన.” వేలు నా వైపు. పిడుగు అప్పటికే మెరుపులా మాయమయ్యాడు. నాలుగోవాడు ఎప్పటిలాగే మాట్లాడలేదు, ఆ రోజు ఆ మౌనం వాడికి కలిసొచ్చింది.

ఇన్‌స్పెక్టరు నా ముందుకొచ్చాడు. “మీరేనా?”

జనమంతా నన్నే చూస్తున్నారు. ఫోటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు. నేను చెప్పాల్సింది ఒక్క మాట. ‘నేను.’ రెండక్షరాలు. లావా రోజుల్లో వేదికల మీద ఆ మాటని ఎన్ని రాగాల్లో అరిచానో. నోరు తెరిచాను. లాఠీలు చూశాను.

“నీళ్ళు,” అన్నాను. “కొంచెం నీళ్ళు దొరుకుతాయా?”

ఎవరో నవ్వారు. మా ఆవిడ నవ్వలేదు. నన్నే చూస్తోంది. చాలాసేపు చూసింది.

“నేనండీ నాయకురాలిని,” అంది చివరికి.

తాళాల గుత్తి తీసి చిన్న నర్సు చేతిలో పెట్టి, “రెండో మంచం అమ్మాయిని పావుగంటకోసారి చూడు. భయపడుతోంది, చెయ్యి పట్టుకో,” అని చెప్పి వ్యాను వైపు నడిచింది. వెనకే ఇంకో ఆరుగురు నర్సులు, ఎవరూ పిలవకుండానే. ఎక్కేటప్పుడు ఒక పోలీసు ఆవిణ్ణి తోశాడు. నేను బేరమాడి అడిగిన తోపే అది. మెల్లగా మాత్రం తోయలేదు. మెట్టుకి ఆవిడ మోకాలు కొట్టుకుంది.

వ్యాను వెళ్ళిపోయింది. ఎవరో నాకు ఒక గ్లాసు నీళ్ళు తెచ్చిచ్చారు. తాగాను. ఏం చేయమంటారు?

ఆవిడకి బట్టలైనా తీసుకెళ్దామని ఇంటికి పరిగెత్తాను. పడకగది తలుపు వెనక ఒక సంచి సర్ది ఉంది, జిప్పు కూడా వేసి. ఎంత ముందుచూపు, తనకేం జరుగుతుందో ఊహించి సర్దుకుంది అనుకుని, అలాగే పట్టుకుని స్టేషనుకి వెళ్ళాను.

నర్సులు ఏడుగురూ రెండు బెంచీల మీద కూర్చుని, సంతకాల కాగితాలకు వరుస సంఖ్యలు వేసుకుంటున్నారు. మా ఆవిడ మోకాలికి తడిగుడ్డ కట్టుకుంది. కానిస్టేబులు సంచి తెరిచి, ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాడు. ఒక పైజమా. రెండు మగ చొక్కాలు. కళ్ళజోడు. భుజం నొప్పికి రాసుకునే మందు. మూడు రోజులకి సరిపడా బీపీ మాత్రలు, పొద్దునవీ సాయంత్రానివీ విడివిడిగా పొట్లాలు కట్టి.

“ఇవన్నీ మగవాళ్ళవి కదండీ?” అన్నాడు.

“అవును,” అంది మా ఆవిడ. “ఈయన కోసం సర్దాను.”

“నీకెలా తెలుసు?”

“మీ శిష్యుడి భార్యకి ఎనిమిదో నెల. వారం వారం నా దగ్గరికే వస్తుంది. బీపీ పట్టీ చేతికి చుట్టేలోపే మొత్తం చెప్పేసింది. కుడి భుజం సంగతి కూడా.”

“మరి ఆయన ఇవాళ రాలేదేం?”

“సెలవు పెట్టించమని ఆ పిల్లతో నేనే చెప్పాను.”

“ఎందుకు?”

ఆవిడ కాగితాలు పక్కన పెట్టింది.

“ఇన్నేళ్ళూ మీ మచ్చ కథ నలుగురిలో వింటూ కూర్చున్నాను. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి మీరు నిజంగా లోపలికెళ్తే, ఆ పాట మీదే అనిపిస్తుందనుకున్నాను. ఇల్లు నేను చూసుకుంటాను, రోజూ వచ్చి పలకరిస్తాను అనుకున్నాను. మాత్రలు కూడా పెట్టాను.”

“నువ్వే తొందరపడ్డావు. నేను చెప్పబోతూనే ఉన్నాను.”

“నొప్పి ఎంతసేపుందో లెక్కపెట్టడం నా ఉద్యోగం. ఆ పొడుగాటాయన మిమ్మల్ని అడిగినప్పటి నుంచీ మనసులో లెక్కపెట్టాను. ఇరవై దాకా ఆగాను. మీరు నీళ్ళడిగారు.”

వెనక బెంచీ మీది నర్సు, “అన్నయ్యగారూ, ఇక్కడ కూజా ఉంది, కావాలా?” అంది. ఈసారి అందరూ నవ్వారు, కానిస్టేబులుతో సహా.

నాకు పౌరుషం అప్పుడొచ్చింది, రావాల్సిన వేళ దాటాక. నేరుగా పొడుగాటి ఇన్‌స్పెక్టరు గదిలోకి వెళ్ళాను.

“సార్, నాయకుణ్ణి నేనండీ. నన్ను పట్టుకోండి. వాళ్ళని వదిలేయండి.”

ఆయన తలెత్తలేదు. “మీరెవరు?”

“ఆవిడ భర్తని.”

“సరే. ఆవిడకి భోజనం తెచ్చారా?”

తేలేదు.

రెండు రోజులు ఉంచారు. నా చొక్కా వేసుకునే ఆవిడ బయటికొచ్చింది. పేపర్లో మొదటి పేజీలో ఆవిడ ఫోటో, చేతిలో ప్లగ్గు. వెనక ఒక గిటారు మెడ కనిపిస్తుంది. అది నాదే. మెడ నాది కాదు, గిటారు నాది.

ఆ ఫోటో వల్లా సంతకాల వల్లా నగరసభ దిగొచ్చింది, సగం దాకా. వార్డులో సగం మంచాలు ఉంచారు, మిగతా సగంలో కార్లు నిలబెట్టారు. మా ఆవిణ్ణి మందుల గిడ్డంగికి మార్చారు. అక్కడ దూది చుట్టలు లెక్కపెడుతుంది. పాతికేళ్ళు పసిబిడ్డల్ని ఎత్తుకున్న చేతులు. ఇంటికొచ్చాక వాటిని ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంటుంది. నేను పలకరిస్తే, “ఏం లేదు,” అంటుంది.

సింహం ఊరుకోలేదు. “ఆ ఉద్యమానికి ఊపిరి పోసింది లావా,” అని పేపరుకి చెప్పుకున్నాడు. తర్వాత ఎన్నికలొచ్చాయి. వార్డు మూయించిన నగరసభ పెద్దమనిషి పెట్టిన ఎన్నికల సభలో సింహమే మా పాట పాడాడు. ‘ఇంకెన్నాళ్ళు కూర్చుంటారు?’ అన్న చోట ‘ఇంకో అయిదేళ్ళు కూర్చోండి’ అని మార్చాడు. నేను వెళ్ళి కొట్లాడితే, “అది జనం పాటరా, నీదీ నాదీ కాదు,” అన్నాడు. నాది కాదని మా ఆవిడ ఇదివరకే తేల్చేసింది.

మిగతా సగం మంచాలు తిరిగి తెరిపించాలని నర్సులు మళ్ళీ సంతకాలు మొదలెట్టారు. ఒకరోజు పొద్దున మా ఆవిడ కాగితాల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది. ఈసారి ఏమీ అనలేదు. నేనే లేచి చెప్పులు వేసుకున్నాను.

వీధులు నాలుగు కాదు, పదకొండు. ఎక్కడా నన్నెవరూ గుర్తుపట్టరు. “నర్సుగారి తాలూకానా?” అంటారు. “అవునండీ,” అంటాను. మొదట్లో గొంతులో అడ్డుపడేది, ఇప్పుడు సాఫీగానే వస్తోంది.

ఆరో వీధిలో ఒక ఇంటి ముందుగదిలో నా వయసు మనిషి కుట్టుమిషను ముందు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి మిషను ఆపాడు.

“మీరు లావా కదూ?”

ఎంత కాదన్నా మనసు పొంగింది. “గుర్తుపట్టారే!”

“మర్చిపోతానా? బట్టల ఫ్యాక్టరీలో ఉండేవాణ్ణి. మీ పాట విని మిషను ముందు నుంచి లేచాను. నాతోపాటు రెండొందల మందిమి లేచాం. మళ్ళీ కూర్చోడానికి మమ్మల్ని రానివ్వలేదు. నేను ఎనిమిది నెలలు జైల్లో ఉన్నాను.” దారం కొరికి, మామూలుగా అడిగాడు. “మిమ్మల్ని ఎక్కడుంచారు?”

మమ్మల్ని కూడా పట్టుకునే ఉంటారని ఇన్నేళ్ళూ నమ్ముకుని ఉన్నాడు ఆ మనిషి. ఆ ఎనిమిది నెలల్లో మేం ఎక్కడున్నామో గుర్తుచేసుకున్నాను. కొత్త స్పీకర్లు కొనుక్కుంటున్నాం.

“నన్ను ఉంచలేదండీ,” అన్నాను. “మా ఆవిణ్ణి ఉంచారు. మొన్న. రెండు రోజులు.”

ఆయన నా మొహంలోకి చూశాడు. తర్వాత కాగితం తీసుకుని, పూర్తిగా చదివి, నెమ్మదిగా సంతకం పెట్టాడు. లోపల్నించి పిలిచి భార్య చేత పెట్టించాడు, కోడలి చేత పెట్టించాడు. కలం నాకు తిరిగిచ్చాడు.

“ఆవిణ్ణి ఒకసారి మా ఇంటికి తీసుకురండి,” అన్నాడు. “కూర్చోబెట్టి మాట్లాడాలని ఉంది.”

నన్ను కూర్చోమనలేదు.